ముందు తలుపు మనుషులు

విన్యార్డ్‌లో ముందు తలుపు కొట్టేవాళ్ళు నాలుగు రకాలు. పోలీసులు, ఏదో ఒకటి అంటగట్టేవాళ్ళు, దేవుణ్ణి పరిచయం చేస్తామనేవాళ్ళు, శవాన్ని తీసుకెళ్ళేవాళ్ళు. అయినవాళ్ళెవరూ ఆ తలుపు మొహం చూడరు. పక్క గేటు తోసుకుని, వాననీళ్ళ ట్యాంకు పక్కగా వెనక్కి వచ్చి, బూట్లు గడప దగ్గర విప్పి, "ఉన్నారా?" అని ఒక కేకేసి వంటింట్లోకి వచ్చేస్తారు. ఆ కేకకి జవాబు కోసం ఆగినవాడు కూడా పరాయివాడి కిందే లెక్క. టాస్మేనియా ఉత్తరపు ఒడ్డున సముద్రాన్ని నమ్ముకుని బతికిన ఇళ్ళన్నిటిలో ఇదే పద్ధతి. ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు, ఎవరూ తప్పిందీ లేదు.

అలాంటి ఊళ్ళో డెబ్భై ఒక్కేళ్ళ మెర్విన్ క్రోల్ తన ముందు తలుపుకి కెమెరా గంట పెట్టించుకుంటున్నాడంటే వీధిలోవాళ్ళు నవ్వుకోరా? నవ్వుకున్నారు. మెర్విన్ పట్టించుకోలేదు. పట్టించుకునే మనిషైతే ఈ కథే ఉండేది కాదు.

జులై నెల, ఆ దేశంలో నడి చలికాలం. నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది. గంట పెట్టడానికి వచ్చిన ట్రూడీ అనే ఎలక్ట్రీషియన్, ముప్ఫై అయిదేళ్ళ మనిషి, పైన కోటు, కింద పొట్టి నిక్కరు వేసుకుని మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. పాత గంట తీగెను గోడలోంచి లాగి చూసింది.

"పెద్దాయనా, దీన్ని ఎలకలు భోంచేసి చాలా ఏళ్ళయింది. గంట మోగకపోతే మీకు అనుమానం రాలేదా?"

"మోగకపోతే హాయిగా ఉందనుకున్నాను."

"ఈ ద్వారబంధం చూడండి. డ్రిల్లు పెడితే ఏడ్చేలా ఉంది."

"నువ్వు పెట్టమ్మాయ్. ఏడిస్తే నేను ఊరుకోబెడతాను."

ట్రూడీ నవ్వి, కొత్త తీగె గోడలోంచి దూర్చి, మీటరు పెట్టె దాకా లాగింది. గంటని మనిషి ఛాతీ ఎత్తులో పట్టుకుని, దాని కింద చిన్న చెక్క ముక్క ఏటవాలుగా పెట్టి, కెమెరా కన్ను వీధి గేటు వైపు తిరిగేలా సర్ది చూసింది.

"ఇక్కడ పెడితే వచ్చినవాళ్ళ మొహం చక్కగా పడుతుంది."

"మొహాలు చూసే ఉద్దేశం నాకు లేదు."

"మరి కెమెరా గంట ఎందుకయ్యా మీకు? కుక్కని తెచ్చుకోవాల్సింది."

"కుక్కకి తిండి పెట్టాలి. పైగా అది అందరితోనూ స్నేహం చేస్తుంది."

ఎందుకో ఆమెకి చెప్పలేదు. చెప్పుకునే సంగతి కాదు.

మెర్విన్ పొద్దున లేచింది మొదలు చీకటి పడేదాకా వెనక వసారాలో కూర్చుంటాడు. ఆ కుర్చీలోంచి చూస్తే పక్క గేటు కనిపిస్తుంది. మూడేళ్ళుగా ఆ గేటుకి గొళ్ళెం వెయ్యలేదు. నెలకోసారి బందులకి నూనె పోస్తాడు. ఆ గేటులోంచి ఒక మనిషి రావాలి. అతని తమ్ముడు లిండ్సే రావాలి. ఈలోగా సూర్యుడితో కరెంటు చేస్తామనే కుర్రాళ్ళూ, లాటరీ టికెట్లు అమ్మే ఆడవాళ్ళూ వచ్చి ముందు తలుపు దబదబా బాదుతారు. అప్పుడు లేచి ముందుకి వెళ్ళాలి, వాళ్ళతో వాదించాలి. ఆ పది నిమిషాల్లోనే లిండ్సే పక్క గేటు తోసుకుని వచ్చి, వంటింట్లో ఎవరూ లేకపోవడం చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోతే? ఈ దిగులు ఒకటి మెర్విన్‌ని పట్టుకుంది. ముందు తలుపు బాధ వదిలితే వెనక తలుపు దగ్గర నిశ్చింతగా కాపు కాయవచ్చని కెమెరా గంట కొనుక్కున్నాడు.

అన్నదమ్ములిద్దరూ ముప్ఫై రెండేళ్ళు ఒకే పడవ మీద పెద్ద రొయ్యల వేట చేశారు. మెర్విన్ చుక్కాని దగ్గర, లిండ్సే రొయ్యలు పట్టే బుట్టల దగ్గర. మెర్విన్ పడవ దిగి ఇంటిపట్టున ఉండిపోయాక కూడా లిండ్సే వేట మానలేదు. నలభై నిమిషాల దూరంలో స్టాన్లీలో కాపురం ఉన్నా, పడవ విన్యార్డ్ రేవుకి చేరితే ముందు అన్న ఇంటికే వచ్చేవాడు. ఏనాడూ ఉత్త చేతులతో రాలేదు. ఉడికించిన రొయ్య ఒకటి, మూరెడు పొడుగుది, పాత వార్తాపత్రికలో చుట్టి తెచ్చేవాడు. పచ్చివి తెచ్చిన రోజు మాత్రం వెనక గడప ఎక్కుతూనే, "నోలా, పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టు!" అని కేకేసేవాడు. నోలా మెర్విన్ భార్య. వాళ్ళకి పిల్లల్లేరు. లిండ్సే వచ్చిన రోజే ఆ ఇంట్లో నవ్వులు.

మూడేళ్ళ కింద నోలాకి మెదడులో నరం చిట్లింది. బర్నీ ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. అప్పటికే లిండ్సే వేటకి వెళ్ళి ఉన్నాడు. గురువారం వస్తానన్నవాడు రాలేదు. శుక్రవారం నోలా పోయింది. శనివారం కూడా పడవ జాడ లేదు, రేడియోలో పలకడం లేదు. సోమవారం మెర్విన్ నోలాని మట్టిలో పెట్టి వచ్చాడు. ఒకపక్క పెళ్ళాం పోయిన దుఃఖం, ఇంకోపక్క తమ్ముడు కూడా మునిగిపోయాడేమోనన్న భయం. ఇల్లంతా నల్లబట్టల జనం. టీ కప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడు పక్క గేటు కిర్రుమంది. తడిసిన గోనెసంచి భుజాన వేసుకుని లిండ్సే వెనక గడప ఎక్కాడు. ఇంజను చెడిపోయి, బ్యాటరీ చచ్చిపోయి, త్రీ హమ్మక్ దీవి చాటున లంగరు వేసుకుని నాలుగు రోజులు కూర్చుని, బతికి బయటపడ్డ సంతోషంలో ఉన్నాడు. ఇక్కడ ఏం జరిగిందో అతనికి తెలియదు.

"నోలా, పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టు!"

ఆ కేక విన్నవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి మాట్లాడుకోరు. మెర్విన్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తమ్ముణ్ణి కావలించుకోవాల్సిన మనిషి, అంతమందిలో ఒక్క మాట అన్నాడు.

"ఇక నుంచి నువ్వు ముందు తలుపు నుంచి రా."

ఆ ఒడ్డున దానికన్నా పెద్ద తిట్టు లేదు. నువ్వు నా రక్తం కాదు, నా గుమ్మంలో నిలబడే పరాయివాడివి అని దాని అర్థం. లిండ్సే సంచీని గిన్నెలు కడిగే తొట్టిలో దించాడు. జనం మధ్య నుంచి నడిచి, ముందు గది దాటి, బిగుసుకుపోయిన ముందు తలుపుని రెండు చేతులా లాగి తెరిచి వెళ్ళిపోయాడు. అతని భార్య ఏవిస్ కోటు తీసుకుని వెనకే వెళ్ళింది.

కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేం. మర్నాటికే మెర్విన్‌కి ఇంజను సంగతంతా తెలిసింది. తప్పు తనదేనని తెలిసింది. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. ఫోను ఎత్తేవాడు, పెట్టేసేవాడు. గేటు తీసే ఉంచాను కదా, అంతకన్నా ఏం చెప్పాలి అనుకునేవాడు. గొళ్ళెం వెయ్యని గేటు నలభై నిమిషాల దూరానికి ఎలా కనిపిస్తుందో అతనికే తెలియాలి. మార్చిలో, మేకుల దుకాణంలో ఎవరో అన్నారు: "మీ లిండ్సేకి ఊపిరితిత్తుల్లో అదేనట కదా." మెర్విన్ తల ఊపి, తెలిసినట్టే నటించి, కొన్న మేకులు బల్ల మీదే మర్చిపోయి ఇంటికొచ్చాడు. అప్పటినుంచి కుర్చీ ఇంకాస్త గేటు వైపు జరిపాడు. నాలుగు మాటలు తయారు చేసుకుని పెట్టుకున్నాడు. తప్పు నాదిరా, లోపలికి రా. అంతే. అవి లిండ్సే రాగానే చెప్పేయాలి. వెళ్ళి చెప్పి రావచ్చన్న ఆలోచన రాలేదని కాదు. వచ్చిన ప్రతిసారీ రేపు అనుకున్నాడు.

ట్రూడీ వంటింటి గోడకి అరచేతి వెడల్పు తెర బిగించింది. "మీటకి చుట్టూ నీలం దీపం వెలుగుతుంది. ఎవరైనా నొక్కితే ఇక్కడ మోగుతుంది, మొహం కనిపిస్తుంది. మీరు ఇక్కడి నుంచే మాట్లాడొచ్చు."

"మోగొద్దు."

"ఏంటీ?"

"మోగకుండా చెయ్యి. దానంతట అదే జవాబు చెప్పి పంపేస్తుందని డబ్బా మీద రాసుంది కదా. అది పెట్టు."

"అది మీరు ఇంట్లో లేనప్పటి కోసం పెద్దాయనా. ఎప్పుడూ అదే పెట్టుకుంటే ఎవరొచ్చారో మీకు తెలీనే తెలీదు."

"నాకు కావలసిందీ అదే."

"మీవాళ్ళెవరన్నా వస్తే?"

"నావాళ్ళు ముందు నుంచి రారు," అన్నాడు మెర్విన్. నువ్వు ఎక్కడ పుట్టావమ్మా అన్నట్టు చూశాడు.

ట్రూడీ పుట్టింది పక్క ఊరు సోమర్‌సెట్‌లోనే. ఆమెకీ ఆ పద్ధతి తెలుసు. "సరే, మీ గొంతుతోనే చెప్పండి. పది సెకన్లు. కాస్త మర్యాదగా చెప్పండి, ముసలమ్మలు కూడా వస్తారు," అని యంత్రాన్ని అతని నోటి దగ్గర పెట్టింది.

మెర్విన్ గొంతు సవరించుకున్నాడు. ముప్ఫై రెండేళ్ళు గాలిలో అరిచి అరిచి రాటుదేలిన గొంతు.

"ఏం తెచ్చినా మాకొద్దు. ఇక్కడ నీకు పనేం లేదు. గేటు వేసి వెళ్ళు. మళ్ళీ రావద్దు."

"అమ్మో!" అంది ట్రూడీ. "నేను గంట పెట్టడానికి వచ్చానుగానీ లేకపోతే ఇప్పుడే పారిపోయేదాన్ని. ఇంకోసారి చెప్తారా, కొంచెం మెత్తగా?"

"ఇదే ఉండనీ."

ఉండనిచ్చింది. ట్రూడీ సామాను సర్దుకుని వెళ్ళగానే మెర్విన్ ఆ తెర మీద గిన్నెలు తుడిచే గుడ్డ వేలాడదీశాడు. కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు. పక్క గేటు వానలో తడుస్తోంది.

నిజంగానే ముందు తలుపు బాధ వదిలింది. తలుపు బాదేవాళ్ళు లేరు. రోజంతా వసారాలో రేడియో పెట్టుకుని, పొలాల వార్తలూ పశువుల ధరలూ వింటూ, గేటు చూస్తూ గడిపేవాడు. ఒక మంగళవారం పొద్దున బందుల తుప్పు గీకి నూనె పోశాడు. ఆ మధ్యాహ్నం ఉత్తరాల పెట్టె చూద్దామని ముందుకి వెళితే, గడ్డి మీద ఎర్రటి పెంకు ముక్కలూ చిరిగిన కాగితాలూ కనిపించాయి. సముద్రపు కాకులు రెండు ఇంకా పీక్కుంటున్నాయి. ఎక్కడిదో చెత్త తెచ్చి నా ఇంట్లో పోస్తాయని వాటిని తిట్టి, అంతా పారతో ఎత్తి డబ్బాలో పడేశాడు. వీధి గేటు గొళ్ళెం వేసి ఉండడం చూశాడు. ఆ గొళ్ళెం ఎవరూ వెయ్యరు. పోనీ, ఎవడో ఒకడికి చెప్పిన మాట చెవికెక్కింది అనుకుని, తన గంటని తనే మెచ్చుకున్నాడు.

ఇంకో తొమ్మిది రోజులు గడిచాయి. గురువారం పొద్దున గుడ్డ ఉతుకుదామని తీస్తే, తెర మూల ఎర్రదీపం మిణుకు మిణుకుమంటోంది. ట్రూడీకి ఫోను చేశాడు. ఆమె మధ్యాహ్నం వచ్చింది, పక్క గేటు నుంచే వచ్చింది, "ఉన్నారా?" అని కేకేసి. రెండోసారికే వెనక తలుపు మనిషైపోయింది.

"ఏం కాలేదు. దీని మెమరీ నిండిపోయింది, అంతే. వచ్చిన ప్రతివాడి బొమ్మా, మాటా దాచిపెడుతుందిది. చెరిపెయ్యనా?"

"చెరిపెయ్."

"ఒక్కసారి చూడండి, ఎంతమందిని తరిమేశారో." ట్రూడీ నవ్వుతూ తెర మీద వేలితో ఒక్కొక్కటీ జరుపుతోంది. "ఇదిగో మీ కరెంటు కుర్రాడు, ఎలా ఎగిరిపడ్డాడో చూడండి! వీళ్ళు దేవుడి పుస్తకాల వాళ్ళు. దండం పెట్టి వెళ్ళారు పాపం. ఇది పిల్లి. ఇది కూడా పిల్లే. ఈ పెద్దాయనెవరు? చాలాసేపు నిలబడ్డాడు." ఆమె వేలు ఆగింది. "అచ్చం మీ పోలికే."

మెర్విన్ టీ కప్పు పట్టుకుని దగ్గరకి వచ్చాడు.

తెర మీద లిండ్సే ఉన్నాడు. పోయిన వారం మంగళవారం, ఉదయం పదకొండూ పది అని కింద అంకెలు. మూడేళ్ళలో సగం మనిషి అయ్యాడు. కోటు కొయ్యకి తగిలించినట్టుంది. ముక్కుకి సన్నటి గొట్టం, భుజానికి చిన్న సంచి. చంకలో వార్తాపత్రికలో చుట్టిన పొడుగాటి పొట్లం. వీధి గేటు నుంచి మెట్టు దాకా ఉన్న పది అడుగులూ మూడుసార్లు ఆగి నడిచాడు. గంట చూశాడు, నీలం దీపం చూశాడు. తనని ఎవరో చూస్తున్నారని అర్థమై, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. జుట్టు సర్దుకున్నాడు. సర్దుకోవడానికి పెద్దగా జుట్టు లేదు. అప్పుడు మీట నొక్కాడు.

ఏం తెచ్చినా మాకొద్దు, అంది మెర్విన్ గొంతు.

లిండ్సే తన చంకలో పొట్లం వైపు చూసుకున్నాడు.

ఇక్కడ నీకు పనేం లేదు. గేటు వేసి వెళ్ళు. మళ్ళీ రావద్దు.

ట్రూడీ ఆపబోయింది. మెర్విన్ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి తీశాడు.

లిండ్సే కదల్లేదు. ఇంటి వెనక నుంచి రేడియో చప్పుడు సన్నగా వినిపిస్తోంది, ఎవరో గొర్రెల ధరలు చదువుతున్నారు. లిండ్సే ఆ వైపు చెవి పెట్టాడు. అన్న ఇంట్లోనే ఉన్నాడని అతనికి తెలిసిపోయింది. గంట దగ్గరకి వంగి, యంత్రంతో కాదు, మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో ముక్క.

"నువ్వు చెప్పినట్టే... ముందు నుంచే వచ్చాను, మెర్వ్."

కాసేపు ఎదురుచూసి రెండోసారి నొక్కాడు. అదే గొంతు అవే మాటలు మళ్ళీ చెప్పింది. ఒక్క అక్షరం తగ్గలేదు.

"సరేలే," అన్నాడు లిండ్సే. గోడ పట్టుకుని వంగి పొట్లాన్ని మెట్టు మీద పెట్టాడు. టోపీ పెట్టుకున్నాడు. పది అడుగులూ నడిచి, బయటికి వెళ్ళి, వెనక్కి తిరిగి వీధి గేటు దగ్గరకి లాగి గొళ్ళెం జాగ్రత్తగా వేశాడు. తరవాత అక్కడ గేటు, వాన తప్ప ఏమీ లేవు. కాసేపటికి కాకి ఒకటి వచ్చి వాలింది.

ట్రూడీ మొహం తెల్లబోయింది. అడిగాను కదా అని ఆమె అనలేదు. మంచి మనిషి. "ఎవరాయన?" అని మాత్రం అంది.

"నా తమ్ముడు."

"నేను తీసుకెళ్తాను. ఎక్కడ ఉంటారో చెప్పండి. మీరు బండి నడపొద్దు."

"నడపగలను."

"పోనీ ఫోను చెయ్యండి ముందు."

"వద్దు," అన్నాడు మెర్విన్. "యంత్రంలోంచి ఒకసారి మాట్లాడాను, చాలు."

చేతికి అందిన కోటు వేసుకుని పాత పికప్పు ఎక్కాడు. ట్రూడీ వెనకే వచ్చి అతని టోపీ కిటికీలోంచి అందించింది. ఆ నలభై నిమిషాల దారి మూడేళ్ళ తరవాత పట్టాడు. ఎడంపక్క బంగాళదుంపల పొలాలు నీళ్ళలో మునిగి ఉన్నాయి. కుడిపక్క సముద్రం ఎక్కడ అయిపోయిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. తొమ్మిది రోజులు, తొమ్మిది రోజులు అని అద్దం మీద వైపర్లు కొట్టుకుంటున్నాయి. ఆ మంగళవారం పదకొండూ పదికి తను ఏం చేస్తున్నాడో మెర్విన్‌కి బాగా గుర్తుంది. గేటు బందులకి నూనె పోస్తున్నాడు. తమ్ముడి కోసం. ఇరవై అడుగుల అవతల తమ్ముడు నిలబడి ఉండగా. ఈ మాట తలచుకున్నప్పుడల్లా కాలు దానంతట అది నొక్కుకుని బండి వేగం పెరిగింది. ఏడవడం అతనికి అలవాటు లేదు. కళ్ళు మసకబారితే అద్దమే మసకబారిందనుకుని గుడ్డతో అద్దం తుడిచాడు.

తయారు చేసుకున్న నాలుగు మాటలు ఇప్పుడు సరిపోవు. వేరే మాటలు వెతుక్కున్నాడు. అది నేను కాదురా, అది యంత్రం అనాలా? గొంతు తనదే, మాటలు తనవే. అది నీ కోసం కాదు అనాలా? ముందు తలుపు నుంచి వచ్చేవాళ్ళ కోసం అన్నాడు. ముందు తలుపు నుంచి రమ్మన్నదీ తనే. ఎటు తిప్పినా తన దగ్గరికే వచ్చి ఆగింది.

స్టాన్లీలో లిండ్సే ఇల్లు రేవుకి పైన, గాలికి ఎదురుగా ఉంటుంది. ఏవిస్ కారు వాకిట్లో ఉంది. దాన్ని చూసి కాస్త ధైర్యం వచ్చింది. బండి దిగగానే అతని కాళ్ళు అలవాటుగా పక్క సందు వైపు తిరిగాయి. నాలుగు అడుగులు వేశాక ఆగాడు. తమ్ముణ్ణి ముందు గుమ్మంలో నిలబెట్టి తరిమినవాడు ఏ మొహంతో వెనక నుంచి దూరుతాడు? వాడు వచ్చిన దారినే తనూ వెళ్ళాలి. వాడు నిలబడ్డట్టే నిలబడాలి. వెనక్కి వచ్చి, ముందు మెట్లు ఎక్కి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇక్కడ గంటా లేదు, కెమెరా లేదు. పచ్చబారిన ఇత్తడి కడియంతో తలుపు కొట్టాడు.

లోపల ఎవరో నడుస్తున్న చప్పుడు. తలుపు కదల్లేదు. చెమ్మకి ఉబ్బి పట్టేసింది. లోపలి నుంచి గట్టిగా లాగిన చప్పుడు, మళ్ళీ లాగిన చప్పుడు. చివరికి కిర్రుమని తెరుచుకుంది. ఏవిస్ నిలబడి ఉంది. దువ్వుకోని జుట్టు, చేతిలో పెన్ను.

"రెండింటికి వస్తామన్నారు కదా, ఇంకా అతన్ని సర్దనే..." అంటూ తలెత్తి, మాట ఆపేసింది.

మెర్విన్‌కి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ముందు తలుపు కొట్టే నాలుగో రకం మనుషులు, శవాన్ని తీసుకెళ్ళేవాళ్ళు, గుర్తొచ్చారు.

"ఎప్పుడు?" అన్నాడు.

"తెల్లవారుజామున. నీకు ఫోను చేద్దామనే... కాగితాలు నింపుతున్నాను." ఏవిస్ చేతిలో పెన్ను వైపు అదేదో కొత్త వస్తువులా చూసింది. "మెర్వ్, నువ్వేంటి ఇటు నుంచి వచ్చావు?"

మెర్విన్ టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు.

"పోయిన వారం మీ ఇంటికొచ్చాం, తెలుసా? నేను కారులో కూర్చున్నాను. వెనక నుంచి వెళ్ళు, ఏం కాదు అన్నాను. వింటేగా. అన్నయ్య ముందు నుంచి రమ్మన్నాడు, ముందు నుంచే వెళ్ళి అడుగుతాను, అలా వెళితేనే అన్నయ్య కోపం తీరుతుందన్నాడు. తిరిగొచ్చి, ఇంట్లో ఎవరూ లేరన్నాడు. మెట్టు మీద రొయ్య పెట్టి వచ్చాను, చూస్తే మెర్వ్‌కి తెలుస్తుంది, వస్తాడన్నాడు." ఆమె పెన్ను జేబులో పెట్టుకుంది. "ఆ రోజు నువ్వు ఊళ్ళో లేవేమో కదా?"

తప్పించుకునే దారి చూపించాడు లిండ్సే. అవునంటే చాలు. తమ్ముడు చెప్పి వెళ్ళిన అబద్ధం వెనక అన్న హాయిగా దాక్కోవచ్చు. ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

"ఉన్నాను," అన్నాడు మెర్విన్. "ఇంట్లోనే ఉన్నాను, ఏవిస్."

గాలికి తలుపు కొట్టుకోబోతే చేత్తో ఆపింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. లోపల మంచం కోడు ఒకటి, దాని మీద దుప్పటి అంచు కనిపిస్తున్నాయి.

"వెనక నుంచి రా, మెర్వ్," అంది. "ఈ తలుపు వాళ్ళ కోసం."

తలుపు మూసింది. పట్టేసిన తలుపుని మళ్ళీ మూడుసార్లు నెట్టాల్సి వచ్చింది ఆమెకి.

మెర్విన్ మెట్లు దిగి పక్క సందులోకి నడిచాడు. రొయ్యల బుట్టలు గోడకి ఆనించి ఉన్నాయి, వాటి తాళ్ళు చక్కగా చుట్టి ఉన్నాయి. ఇంటి వెనక్కి తిరిగాడు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. వాన జల్లు వంటింటి నేల మీద రెండు గజాల దాకా తడిపేసింది. తలుపు మూసుకోకుండా కింద ఎర్ర ఇటుక ఒకటి అడ్డం పెట్టి ఉంది.

బూట్లు విప్పడానికి వంగి, లేవలేక, ఆ తడి గడప మీదే కూర్చుండిపోయాడు. కేక వెయ్యాలి. ఉన్నారా అని అడగాలి.

ఏవిస్ లోపలి గదిలోంచి వంటింట్లోకి వచ్చింది. అతని వైపు చూడకుండా, పొయ్యి మీద నీళ్ళు పెడుతూ చెప్పింది.

"మీ ఇంటి నుంచి వచ్చిన రోజు పెట్టాడు అది. తొమ్మిది రోజులు తియ్యనివ్వలేదు. చలికి దగ్గొచ్చి చచ్చిపోతున్నా సరే, మెర్వ్ వస్తాడు, మూసుంటే ఏమనుకుంటాడో అనేవాడు." ఆమె అగ్గిపుల్ల గీసింది. గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీసింది, అదీ ఆరిపోయింది.

"ఇక ఆ ఇటుక తీసెయ్యి, మెర్వ్," అంది. "చలేస్తోంది."